డిస్నీల్యాండ్ సదరన్ కాలిఫోర్నియా రెసిడెంట్ టికెట్: మూడో రోజు కూడా వెళ్తేనే లాభం

అనహైమ్‌లోని డిస్నీల్యాండ్ దాదాపు ప్రతి ఏడాదీ క్రిస్మస్ రద్దీ తగ్గగానే చుట్టుపక్కల ఉండేవాళ్ల కోసం విడిగా ఓ టికెట్ అమ్మకానికి పెడుతుంది. మూడు రోజులు, రోజుకు ఒక పార్కు (అక్కడున్నవి రెండు: డిస్నీల్యాండ్, కాలిఫోర్నియా అడ్వెంచర్). సోమవారం నుంచి గురువారం వరకే చెల్లే టికెట్ ధర 2024లో 225 డాలర్లు, 2025లో 199. అంటే రోజుకు 67 డాలర్ల లోపే. అందరికీ అమ్మే ఒకరోజు టికెట్ అతి తక్కువ రద్దీ తేదీల్లో 104 డాలర్లు ఉంటుంది. రద్దీ ఎక్కువగా ఉండే తేదీల్లో 2024 అక్టోబర్‌లో 206కి, మరుసటి ఏడాది 224కి చేరింది. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే కళ్లు మూసుకుని కొనేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఈ టికెట్ అందరికీ కలిసిరాదు. అర్వైన్, సాన్ డియేగో, లాస్ ఏంజెలస్ వైపు ఉండే మన కుటుంబాలు కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది అర్హత. అది జిప్ కోడ్‌ను బట్టి ఉంటుంది. 90000 నుంచి 93599 వరకు ఉన్న జిప్ కోడ్‌లలో నివసించేవాళ్లకు, సరిహద్దు అవతల మెక్సికోలో 21000 నుంచి 22999 వరకు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. అర్వైన్ 926తో మొదలవుతుంది కాబట్టి చింత లేదు. బేకర్స్‌ఫీల్డ్ 933, పామ్‌డేల్ 935, సాన్ లూయిస్ ఒబిస్పో 934, ఇవన్నీ లోపలే. ఫ్రెస్నో 936 దగ్గర మొదలవుతుంది కాబట్టి కొద్దిలో తప్పిపోతుంది. ఫ్రీమాంట్, సన్నీవేల్, సాన్ హోసే వాళ్లవి 94, 95తో మొదలయ్యే జిప్‌లు. వాళ్లూ కాలిఫోర్నియా వాళ్లే అయినా ఈ టికెట్ మాత్రం దొరకదు. వాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సింది రాష్ట్రం మొత్తానికి ఇచ్చే ఆఫర్ల కోసం. 2022 వేసవిలో అలాంటిది ఒకటి వచ్చింది: మూడు రోజులకు 249 డాలర్లు, అదీ సోమవారం నుంచి గురువారం వరకే.

ఇక గుర్తింపు కార్డు. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీ కావాలి, దాని మీద ఆ జిప్‌ల లోపలి చిరునామా కనిపించాలి. డెస్క్‌టాప్ మీద కొనేటప్పుడు జిప్ కోడ్ కొడితే చాలు, టికెట్ వచ్చేస్తుంది. అసలు పరీక్ష గేటు దగ్గర. ఉద్యోగం మారి సియాటిల్ నుంచో, డాలస్ నుంచో, బే ఏరియా నుంచో వచ్చిన కుటుంబాల్లో డ్రైవర్ లైసెన్స్ మీద పాత ఊరే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలోనే ఇల్లు మారినప్పుడు డీఎంవీ (లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ) వెబ్‌సైట్‌లో చిరునామా మార్చుకుంటారు కదా, ఆ మార్పు రికార్డులోకి ఎక్కుతుంది కానీ కొత్త కార్డు దానంతటదే ఇంటికి రాదు. కావాలంటే రీప్లేస్‌మెంట్ కార్డుకు విడిగా డబ్బు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. అది పోస్టులో రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి జనవరిలో టికెట్ కొనే ఉద్దేశం ఉంటే నవంబర్‌లోనే భార్యాభర్తలిద్దరి కార్డులూ తీసి చూసుకోండి. ఒకరి కార్డు సరిగ్గా ఉంటే సరిపోతుందనుకోవద్దు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ, అత్తామామలకూ ఈ టికెట్ పనికిరాదు. ఆరు నెలలు మన ఇంట్లోనే ఉంటున్నా వాళ్ల చేతిలో ఉండేది పాస్‌పోర్టు, అందులో ఉండేది గుంటూరు చిరునామానో కరీంనగర్ చిరునామానో. "మన అడ్రస్ పెట్టి కొనేద్దాం, ఎవరు చూస్తారు" అని కొంటే గేటు దగ్గర పెద్దవాళ్లను ఎండలో నిలబెట్టి మళ్లీ పూర్తి ధర టికెట్ కొనాల్సి వస్తుంది. డిస్నీల్యాండ్‌లో సీనియర్లకు తగ్గింపు కూడా లేదు, పదేళ్లు నిండిన ప్రతి ఒక్కరిదీ అడల్ట్ టికెట్టే. వాళ్ల విషయంలో ఖర్చు తగ్గించే దారి ఒకటే. ముందు టికెట్ క్యాలెండర్ తెరిచి 104 డాలర్ల తేదీ ఎక్కడుందో వెతకండి. ఆ తేదీకి పెద్దవాళ్లకు ఒకరోజు టికెట్ తీసుకుని, మీ రెసిడెంట్ టికెట్‌లోని మూడు రోజుల్లో ఒకటి అదే రోజున వాడుకోండి. పెద్దవాళ్లకు మూడు రోజుల తిరుగుడు ఎలాగూ ఓపిక ఉండదు. ఒక్కరోజు సావకాశంగా రైలు ఎక్కి, పడవ ఎక్కి, పరేడ్ చూసి వస్తే చాలు.

ఇప్పుడు లెక్క. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, పదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి అనుకుందాం. 2025 ధర ప్రకారం నలుగురికీ రెసిడెంట్ టికెట్లు 796 డాలర్లు. మనిషికి 199 పెట్టి ఒక్కరోజే వెళ్తే, చౌక తేదీలో కొన్న మామూలు టికెట్ కంటే 95 డాలర్లు ఎక్కువ పెట్టినట్టు. రెండు రోజులు వెళ్తే మనిషికి మిగిలేది 9 డాలర్లు. మూడో రోజు గేటు దాటినప్పుడు కానీ అసలు లాభం కనపడదు: చౌక తేదీల అడల్ట్ టికెట్ ధరలతో పోల్చినా మనిషికి 113 డాలర్లు. ఈ టికెట్ అసలు లాభం పోగొట్టుకునేది రెండు రోజులు వాడి మూడోది వదిలేసేవాళ్లే. "ఇంకా టైముంది కదా" అనుకుంటూ ఉండగానే మార్చి వెళ్లిపోతుంది, ఏప్రిల్‌లో పరీక్షలు, వేసవి సెలవులు మొదలయ్యేలోపే గడువు ముగుస్తుంది. వాడని రోజుకు డబ్బు వాపసు రాదు.

మూడు రోజులూ వరసగా వాడాల్సిన పని లేదు. అదే స్థానికులకు ఉన్న అసలైన వెసులుబాటు. బయటి ఊరి నుంచి హోటల్ తీసుకుని వచ్చినవాళ్లు పొద్దున 8 నుంచి రాత్రి దాకా కాళ్లరిగేలా తిరగాల్సిందే. అర్వైన్ నుంచి అరగంట దూరం వాళ్లకు ఆ హడావుడి అక్కర్లేదు. చాలా స్కూళ్లు వారంలో ఒకరోజు పిల్లల్ని త్వరగా వదిలేస్తాయి. ఆ రోజు మూడింటికల్లా గేటు దగ్గరుంటే మూసేదాకా ఐదారు గంటలు దొరుకుతాయి. ఒకరోజు మాత్రం సెలవు పెట్టి పొద్దున్నే గేట్లు తెరిచే వేళకు చేరుకోవాలి, ఎందుకంటే పెద్ద రైడ్ల లైన్లు మొదటి గంటన్నరలోనే పలచగా ఉంటాయి. మిగతా రెండూ సాయంత్రాలు. ఒక పూర్తి రోజు, రెండు సాయంత్రాలు అనే పద్ధతిలో వెళ్తే స్కూలు ఎగ్గొట్టే రోజు ఒక్కటే అవుతుంది, మూడో రోజు వృథా కూడా కాదు.

టికెట్ ఒక్కటే ఉంటే లోపలికి పంపరు, తేదీకి పార్కు రిజర్వేషన్ కూడా ఉండాలి. రిజర్వేషన్‌కు విడిగా డబ్బు లేదు. కొనే క్రమం మాత్రం తిప్పి చేయాలి. ముందు రిజర్వేషన్ క్యాలెండర్‌లో మీకు కావాల్సిన మూడు తేదీలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి, తర్వాత టికెట్లు కొనండి, కొన్న గంటలోనే మూడు తేదీలూ వేసేయండి. తేదీలు తర్వాత మార్చుకోవచ్చు. వసంతపు సెలవుల వారం, అంటే స్ప్రింగ్ బ్రేక్, దగ్గరపడ్డాక చూస్తే రెండు పార్కుల్లో ఒకటి నిండిపోయి ఉండొచ్చు. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సోమవారం, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సోమవారం లెక్క ప్రకారం వారాంతాలు కాకపోయినా రద్దీ మాత్రం బాగా ఉంటుంది. ఆ రెండూ వదిలేయడం మంచిది.

199 డాలర్లకు ఏం తగ్గుతుందో కూడా చెప్పాలి. చలికాలంలో వారం మధ్య రోజుల్లో పార్కు త్వరగా మూస్తారు. బాణసంచా ఎక్కువగా వారాంతాలకే పరిమితం, మంగళవారం రాత్రి కోట మీద వెలుగుల బొమ్మలు ఉన్నా ఆకాశంలో తారాజువ్వలు ఉండకపోవచ్చు. రైడ్లకు మరమ్మతులు చేసుకునేది కూడా జనవరి, ఫిబ్రవరుల్లోనే. మీ అబ్బాయి ఏడాదిగా కలవరిస్తున్న రైడ్ సరిగ్గా మీరు వెళ్లే వారాల్లోనే మూసి ఉండటం మామూలే. మూసివేతల జాబితా వెబ్‌సైట్‌లో తేదీలతో ఉంటుంది, కొనేముందే చూడండి. ఎత్తు కూడా ఇంట్లోనే కొలవండి: స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్, రేడియేటర్ స్ప్రింగ్స్ రేసర్స్‌కు 40 అంగుళాలు, మ్యాటర్‌హార్న్‌కు 42, ఇంక్రెడికోస్టర్‌కు 48. వెంట్రుకవాసిలో తక్కువున్న పిల్లవాడిని ఫిబ్రవరిలో తీసుకెళ్లే బదులు ఏప్రిల్ దాకా ఆగితే అదే టికెట్‌లో ఒక రైడ్ కలిసిరావొచ్చు.

చిన్నపిల్లలకు ఇంకో సంగతి. మూడేళ్ల లోపు వాళ్లకు టికెట్టే అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు 2024లోనూ 2025లోనూ ఏడాది మొదటి వారాల్లో ఒకరోజు టికెట్ 50 డాలర్లకే ఇచ్చారు. దానికి స్థానికులే కావాలన్న నిబంధన లేదు. అంటే ఆ వారాల్లో ఆరేళ్ల అబ్బాయికి రెసిడెంట్ టికెట్ కొనడం దండగ, 50 డాలర్ల టికెట్టే చౌక. ఈ రెండు ఆఫర్ల తేదీలూ ఒకదానిమీద ఒకటి పడే కాలం ఆ రెండేళ్లూ మార్చిలోనే అయిపోయింది, కాబట్టి మీ మూడు రోజులూ ఎప్పుడన్నది తేలాకే పిల్లల టికెట్ ఏదో తేల్చండి.

పార్క్ హాపర్, అంటే ఒకేరోజు రెండు పార్కులూ తిరిగే సదుపాయం, మూడు రోజుల టికెట్ మీద వేసుకోవడం అనవసరం. రెండు పార్కుల గేట్లూ ఎదురెదురుగా ఉన్నాయని ఆశ పుడుతుంది. డిస్నీల్యాండ్‌కు రెండు రోజులు, కాలిఫోర్నియా అడ్వెంచర్‌కు ఒకరోజు పెట్టుకుంటే సరిపోతుంది.

మరి ఏడాది పాస్ కొంటే పోలేదా? మ్యాజిక్ కీ పాసుల్లో అన్నిటికన్నా చౌకైనది ఇమాజిన్ కీ. దాన్ని సదరన్ కాలిఫోర్నియా వాళ్లకే అమ్ముతారు, 2024 అక్టోబర్ ధర 599 డాలర్లు. కాలిఫోర్నియా నివాసులు పాస్ డబ్బు నెలనెలా వడ్డీ లేకుండా కట్టుకోవచ్చు, ఇది బే ఏరియా వాళ్లకూ వర్తిస్తుంది. రెసిడెంట్ టికెట్ రోజువారీ ధరతో సరితూగాలంటే ఇమాజిన్ కీ మీద తొమ్మిదిసార్లు వెళ్లాలి. శని, ఆదివారాలు, వేసవి, పండగ రోజులు చాలావరకు దానికి మూసేసి ఉంటాయి, అంటే ఆ తొమ్మిదిసార్లూ మళ్లీ వారం మధ్య రోజుల్లోనే. ఇంట్లో ఒకరు పగలు ఖాళీగా ఉండి, బడికి వెళ్లని పిల్లలుంటే ఇమాజిన్ కీ బంగారం. ఇద్దరూ ఆఫీసులకు వెళ్లే ఇంట్లో అది నెలనెలా కట్టే వాయిదాగా మిగిలిపోతుంది. ఇంకోటి, పాస్‌దారులు రిజర్వేషన్ పెట్టుకుని రాకుండా 90 రోజుల్లో మూడుసార్లు ఎగ్గొడితే 30 రోజుల పాటు కొత్త రిజర్వేషన్లు ఆపేస్తారు. వెళ్లడం కుదరదనిపిస్తే ముందురోజే రద్దు చేసుకోవాలి.

"రెండు రోజులు వాడాం, మూడో రోజు మిగిలింది, 60 డాలర్లకు ఇస్తాం" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో కనిపించే టికెట్ జోలికి వెళ్లొద్దు. మొదటిసారి వాడినప్పుడే ఆ టికెట్‌కు వాళ్ల ఫొటో తీసి జతచేస్తారు. మీరు స్కాన్ చేయగానే గేటు దగ్గరి ఉద్యోగి తెరమీద వాళ్ల ముఖం కనిపిస్తుంది. వాడటం మొదలైన టికెట్ ఇంకొకరికి చెల్లదు.

టికెట్‌లో మిగిల్చింది పార్కింగ్ తినేయకుండా చూసుకోవాలి. 2024 చివర్లో పార్కింగ్ రోజుకు 35 డాలర్లు ఉండేది, మూడు రోజులకు 105. రెండు కుటుంబాలు ఒకే వ్యాన్‌లో వెళ్తే అది సగమవుతుంది. దగ్గర్లో ఉండేవాళ్లలో ఒకరు దింపి వెళ్లగలిగితే హార్బర్ బులెవార్డ్ వైపు దింపుకునే చోటు ఉంది, గేటు అక్కణ్నుంచి నడక దూరం. అదే రోడ్డు మీద ఓసీటీఏ (ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ) 43వ నంబర్ బస్సు తిరుగుతుంది, ఒకసారికి 2 డాలర్లు, రోజంతా పాస్ 5 డాలర్లు. ఫుల్లర్టన్, శాంటా అనా, కోస్టా మెసా వైపు వాళ్లకు ఇదే సులువు.

తిండి విషయంలో డిస్నీల్యాండ్ మన పక్షమే. బయటి తిండి లోపలికి రానిస్తారు. షరతులు నాలుగు: గాజు సీసాలు కుదరవు, మద్యం కుదరదు, వేడిచేయాల్సిన పదార్థం కాకూడదు, ఘాటైన వాసన రాకూడదు. పులిహోర, చపాతీ రోల్స్, ఇడ్లీలకు పొడి పట్టించినవి, పెరుగన్నం, ఇవన్నీ ప్లాస్టిక్ లేదా స్టీలు డబ్బాల్లో వెళ్లిపోతాయి. ఆవకాయ సీసా మాత్రం ఇంట్లోనే ఉంచండి, గాజు ఒకటి, వాసన ఒకటి. పెరుగన్నం చల్లగా ఉంచడానికి విడి ఐస్ ముక్కలు పోయొద్దు, వాటినీ డ్రై ఐస్‌నూ తనిఖీలో ఆపేస్తారు. గడ్డకట్టించే జెల్ ప్యాకులు పెట్టుకోండి. సంచి 24, 15, 18 అంగుళాల కొలతలు దాటకూడదు. మంచినీళ్ల సీసాలు కొనొద్దు, కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇచ్చి తీసుకునే ఏ హోటల్లో అడిగినా గ్లాసుడు చల్లటి నీళ్లు ఉచితంగా ఇస్తారు, ఇంకేమీ కొనకపోయినా సరే.

లైన్లు తప్పించే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ ధర 2024 అక్టోబర్‌లో మనిషికి రోజుకు 32 డాలర్ల నుంచి ఉండేది. నలుగురికి 128. జనవరి బుధవారం నాడు అది వృథా ఖర్చు. పొద్దున్నే వెళ్లే ఆ ఒక్క పూర్తి రోజు స్ప్రింగ్ బ్రేక్‌లో పడితేనే దాని గురించి ఆలోచించండి. చిన్నబాబు ఎత్తు చాలకపోతే రైడ్ దగ్గరి ఉద్యోగిని రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవారు బాబుతో ఉండి, తర్వాత పెద్ద లైన్‌లో నిలబడకుండానే ఎక్కొచ్చు. దానికి డబ్బు లేదు.