వైరస్ ఎప్పుడు మొదలైంది: మరణాల లెక్క మేలా, జన్యువుల లెక్క మేలా?

ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న ఆగడం లేదు. "2019 డిసెంబర్ మొదట్లో మా ఇంటిల్లిపాదికీ వదలని దగ్గు పట్టుకుంది, అది కరోనానే కదండీ?" అని హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ డల్లాస్ నుంచీ కూడా అడుగుతూనే ఉన్నారు. ఫలానా మనిషి దగ్గు దేనివల్లో ఇప్పుడు తేల్చలేం గానీ, ఒక ఊళ్లో కొత్త వైరస్ ఎప్పటి నుంచి తిరుగుతోందో కనుక్కోవడానికి దారులున్నాయి. వాటిలో గట్టివి రెండు. వైరస్ జన్యువుల్లో వచ్చిన మార్పులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లడం ఒకటి, మరణాల పట్టికలు పట్టుకుని వెనక్కి వెళ్లడం రెండోది. నా మొగ్గు మరణాల వైపు. ఎందుకో చెప్తాను.

ముందు జన్యువుల సంగతి. కరోనా వైరస్ జన్యువులో దాదాపు 30 వేల అక్షరాలుంటాయి, వాటిలో నెలకి సుమారు రెండు మారుతుంటాయి. వేర్వేరు రోగుల శాంపిళ్లలో తేడాలు చూసి, వీటన్నిటికీ మూలమైన వైరస్ ఎప్పటిదో అంచనా కడతారు. దీన్నే జన్యు గడియారం అనుకోవచ్చు. వూహాన్ ఆరోగ్య అధికారులు అంతుచిక్కని న్యుమోనియా గురించి బయటికి చెప్పింది 2019 డిసెంబర్ 31న. 2021లో జన్యువులతో కట్టిన అంచనా ప్రకారం వైరస్ మనుషుల్లోకి వచ్చింది 2019 అక్టోబర్ మధ్యకీ నవంబర్ మధ్యకీ నడుమ. మంచి పద్ధతే, కాదనను. కాకపోతే ఆ గడియారం చెప్పేది మన చేతికి చిక్కిన శాంపిళ్ల మూలం గురించే. అంతకుముందు పదిమందికి సోకి అక్కడే ఆగిపోయిన వైరస్ ఉంటే దాని జాడ అందులో ఉండదు. శాంపిళ్లే తీయని ఊరి గురించి అది ఏమీ చెప్పలేదు.

మరణాల పట్టికకి టెస్టు కిట్టుతో పనిలేదు. ఆ జబ్బుకి పేరు పెట్టకముందు పోయినవాళ్లు కూడా అందులో ఉంటారు. ఇదే దాని బలం. అయితే పట్టికలో గీత పైకి లేచిన వారమే వైరస్ వచ్చిన వారం అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఎంత వెనక్కి వెళ్లాలో ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి.

కోటి జనాభా ఉన్న ఊరు అనుకుందాం. ఏడాదికి వెయ్యికి ఏడుగురు చొప్పున 70 వేల మంది పోతారు, అంటే వారానికి సుమారు 1,350. ఏ జబ్బూ రాకపోయినా ఈ అంకె వారం వారం ఓ 30, 40 అటూ ఇటూ ఊగుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. కాబట్టి వారానికి కనీసం 75 మరణాలు అదనంగా వస్తే తప్ప ఏదో జరుగుతోందని అనలేం. సోకిన వందమందిలో ఒకరు పోతారనుకుంటే, ఆ 75 వెనక 7,500 మంది ఉన్నట్టు. వాళ్లకి సోకింది మూడు వారాల కిందట. ఒక్కరితో మొదలై 7,500కి చేరాలంటే దాదాపు 13 సార్లు రెట్టింపు కావాలి. నాలుగు రోజులకోసారి రెట్టింపైతే 52 రోజులు, దానికి మూడు వారాలు కలిపితే 73. ఇదంతా ఉజ్జాయింపే అయినా, గీత లేచేసరికి వైరస్ ఊళ్లోకి వచ్చి రెండు నెలలు దాటిపోయి ఉంటుందన్నది అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు వూహాన్ చూడండి, దాని జనాభా కోటి పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా నిపుణులు కలిసి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ మరణాలు ఒక్కసారిగా పెరిగింది 2020 మూడో వారంలో, అంటే జనవరి మధ్యలో. అక్కడి నుంచి 73 రోజులు వెనక్కి వెళ్తే నవంబర్ మొదటి వారం వస్తుంది. జన్యువులు చెప్పిందీ అదే కాలం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఒకే చోట కలిస్తే నాకు నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ చాలామంది వాదించుకునేది సోకినవాళ్లలో పోయేది వందకి ఒకరా, మూడొందలకి ఒకరా అని. దానివల్ల పెద్ద తేడా రాదు. మూడొందలకి ఒకరైతే సోకినవాళ్లు మూడింతలవుతారు, అది ఇంకో ఒకటిన్నర సార్లు రెట్టింపు కావడమే, అంటే ఆరు రోజులు అంతే. అదే రెట్టింపు మూడు రోజులకా, ఆరు రోజులకా అన్నది మారితే 39 రోజులు కాస్తా 78 అవుతాయి. ఎవరైనా తేదీ చెప్తే ముందు వాళ్లు రెట్టింపుకి ఎన్ని రోజులు పట్టుకున్నారో అడగండి.

ఇక నా మొగ్గుకి అసలు కారణం. మరణాల పట్టికలో నాకు పనికొచ్చేవి గీత లేచిన వారాల కన్నా లేవని వారాలు. ఇటలీలో మిలాన్, టూరిన్ మురుగునీటిలో 2019 డిసెంబర్ 18 నాటి శాంపిళ్లలోనే వైరస్ జాడ దొరికిందని 2020 జూన్‌లో ప్రకటించారు. సరే, మురుగులో కనిపించిందంటే అప్పటికే ఓ 250 మందికి ఉందనుకుందాం, అంటే ఎనిమిది రెట్టింపులు అయిపోయాయి. మిగిలిన ఐదింటికి 20 రోజులు, పైన మూడు వారాలు. జనవరి నెలాఖరుకి గీత లేవాలి. లేచిందా? ఇటలీ గణాంక సంస్థ ఇస్టాట్ లెక్కల్లో ఫిబ్రవరి 20 దాకా మరణాలు అంతకుముందు ఐదేళ్ల సగటు కన్నా తక్కువే. మార్చిలో ఒక్క బెర్గామో జిల్లాలోనే సగటు కన్నా 568 శాతం ఎక్కువయ్యాయి. డిసెంబర్ జాడ నిజమే అయినా అది అక్కడికక్కడే చల్లారిపోయి ఉండాలి, మార్చిలో ముంచేసిన వ్యాప్తి దానితో మొదలైంది కాదు. ఈ మాట గట్టిగా చెప్పగలిగేది పెరగని మరణాలే.

దగ్గు ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. పై లెక్క ప్రకారం డిసెంబర్ మొదటి వారానికి వూహాన్‌లోనే ఓ రెండొందల మందికి మించి ఉండరు. అదే వారంలో విజయవాడలో మీ ఇంటిల్లిపాదికీ వచ్చింది దాదాపు ఖాయంగా ఫ్లూనో అలాంటిదే ఇంకోటో.

వయసులవారీ లెక్క ఉంటే పట్టిక ఇంకా పదునెక్కుతుంది. 1918 స్పానిష్ ఫ్లూ అమెరికాలో విజృంభించింది ఆ శరదృతువులో. న్యూయార్క్ పాత మరణాల లెక్కల్ని వయసులవారీగా విడదీసి 2005లో అచ్చేసిన అధ్యయనంలో ఆ ఏడాది ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యే అదే తీరు కనిపించింది: మామూలు ఫ్లూలో పోయే ముసలివాళ్ల బదులు పడుచువాళ్లు పోవడం. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఇది ఇంత స్పష్టంగా బయటపడేది కాదు.

మన దగ్గర ఇబ్బంది రిజిస్టర్లతోనే. చట్టం ప్రకారం మరణం 21 రోజుల్లోగా నమోదు కావాలి, ఆ తర్వాత నమోదయ్యేవీ ఉంటాయి. నమోదైన తేదీ పట్టుకుంటే బోల్తా పడతాం, చనిపోయిన తేదీ చూడాలి. కారణం మీద కూడా ఆధారపడలేం, 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. అందుకే కారణం వదిలేసి మొత్తం మరణాలు చూడటమే మనకి దారి.

మిగతావి రెండు ముక్కల్లో: పాత రక్తంలో యాంటీబాడీలు వెతికితే వేరే జలుబు వైరస్‌లవి కూడా తగిలి తికమక పెడతాయి. ఆసుపత్రి పార్కింగుల్లో కార్లు లెక్కపెట్టే ఉపగ్రహ చిత్రాల్ని నేను లెక్కలోకే తీసుకోను.

నేను మరణాల పట్టికని పక్కన పెట్టేసేది ఒకే రకం వైరస్‌కి: సోకిన చాలా ఏళ్లకి గానీ చంపనిదానికి. ఎయిడ్స్ గురించి వైద్యలోకానికి తెలిసింది 1981 జూన్‌లో, లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకి అరుదైన న్యుమోనియా వచ్చిందన్న చిన్న నివేదికతో. ఆఫ్రికాలోని కాంగో రాజధాని కిన్షాసాలో 1959, 1960ల్లో తీసి దాచిన రెండు పాత శాంపిళ్లని జన్యు గడియారంతో పోల్చి చూస్తే ఆ వైరస్ 1908 ప్రాంతం నుంచే మనుషుల్లో ఉందని 2008లో తేలింది. ఆ డెబ్బై ఏళ్లలో ఏ ఊరి మరణాల గీతా దాన్ని పట్టివ్వలేదు. అలాంటిదానికి జన్యువులే దిక్కు.