మూడు వెనక టైర్లు అరిగాక: సామాను మోసే స్టీలు సైకిలు సమీక్ష

స్టీలు ఫ్రేమ్, ముందు మూడు పళ్లచక్రాలు, వెనక తొమ్మిది, ఒక్కో చక్రానికి 36 స్పోకులు, 37-622 టైర్లు (37 మి.మీ. వెడల్పు, 622 మి.మీ. రిమ్ము కొలత), వెనక స్టీలు క్యారియర్, దానికి రెండు వైపులా తగిలించే సంచులు. తొందర లేకుండా నెలల తరబడి తిరిగేందుకు తీసుకున్న సైకిలు ఇది. మూడు వెనక టైర్లు, ఐదు చైన్లు మార్చేంత వాడాక రాస్తున్నాను.

ఫ్రేమ్‌కు ఇంతవరకూ ఏమీ కాలేదు. ఇబ్బంది పెట్టినవన్నీ వెనక చక్రం చుట్టూనే. కొనేటప్పుడు ఫ్రేమ్ గురించి పది రోజులు ఆలోచించి, చక్రం ఎలా కట్టారో అడగకుండానే తెచ్చేసుకుంటాం. నన్నడిగితే ముందు అడగాల్సింది చక్రం సంగతే.

మనిషి బరువులో సగానికి పైగా, సంచుల బరువు దాదాపు మొత్తం వెనక చక్రమే మోస్తుంది. కుడివైపు పళ్లచక్రాల గుత్తికి చోటివ్వాలి కాబట్టి అటు స్పోకులు నిటారుగా, బాగా బిగుతుగా ఉంటాయి. ఎడమవి వాలుగా, కాస్త వదులుగా ఉంటాయి. స్పోకు విరిగేది సాధారణంగా హబ్ (చక్రం నడిమి భాగం) రంధ్రం దగ్గర వంగిన చోటే. ఒక్క గోతిలో పడ్డందుకు విరగదు. చక్రం తిరిగిన ప్రతిసారీ సడలి, మళ్లీ బిగిసి, లోహం అలిసిపోయి విరుగుతుంది. ఒకటి విరిగిన చక్రంలో కొన్నాళ్లకే ఇంకోటి పోయిందంటే, మొదటినుంచీ బిగుతు సమంగా లేదన్నమాట.

అందుకే బయల్దేరే ముందు పూర్తి సామానుతో 200-300 కిలోమీటర్లు తొక్కి, చక్రాన్ని మళ్లీ సరిచేయించాలి. మీరే చూసుకోవచ్చు కూడా. స్పోకులను గోటితో ఒక్కొక్కటే మీటండి. ఒకే వైపువన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. మధ్యలో ఒకటి మొద్దుగా మోగితే అది వదులైనట్టే.

విడి స్పోకులు మూడు కొలతల్లో కావాలి: వెనక కుడి, వెనక ఎడమ, ముందు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాయే అయినా ఒకదాని బదులు ఇంకొకటి సరిగ్గా కుదరదు. రకానికి మూడేసి చొప్పున ఫ్రేమ్ వెనక గొట్టానికి టేపుతో చుట్టి పెట్టండి. కుడివైపు స్పోకు ఎక్కించాలంటే పళ్లచక్రాల గుత్తి ఊడాలి. ఫ్రేమ్‌కు ఆనించి విప్పే చిన్న పనిముట్టు దొరుకుతుంది, అది తప్పకుండా ఉండాలి. అది లేకపోతే విడి స్పోకులు ఉన్నా దారిలో అక్కరకు రావు. స్పోకు మార్చేదాకా నెట్టుకురావాలంటే విరిగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టండి. కుడిది విరిగితే రిమ్ము ఎడమకు లాగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న ఎడమ స్పోకులు రెండింటినీ అర చుట్టు వదులు చేస్తే రిమ్ము బ్రేకుకు రాసుకోకుండా నడుస్తుంది.

క్యారియర్ గట్టిదే, దాన్ని పట్టుకున్న ఎం5 (5 మి.మీ. మందం) బోల్టుల మీదే కన్నుండాలి. కుదుపులకు ముందు వదులవుతాయి, వదులైన బోల్టే విరుగుతుంది. విరిగిన ముక్క ఫ్రేమ్ రంధ్రంలో ఇరుక్కుంటే దాన్ని తీయడానికే ఒక రోజు పోతుంది. నీలం రంగు లాకింగ్ ద్రవం ఒక చుక్క వేసి బిగించి, మొదటి వారం రోజూ పొద్దున్నే చూసుకోండి. కుడి కింది బోల్టు మరీ పొడుగ్గా ఉండకూడదు. కొస లోపలికి పొడుచుకొస్తే చివరి పళ్లచక్రం మీదున్న చైనుకు తగులుతుంది.

గేర్ల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ముందు 22 పళ్లు, వెనక 34 వేస్తే పెడలు ఒక చుట్టుకు సైకిలు సుమారు 1.4 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్లు, అంటే నడక వేగం. నిండు సంచులతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మోకాళ్లను కాపాడేది ఈ గేరే. పైన పెద్ద గేరు లేదని బాధపడకండి, దిగుడులో తొక్కే పనే ఉండదు.

టైర్లలో వెనక గాలి ముందుదానికంటే 10-15 పీఎస్ఐ ఎక్కువ ఉండాలి. పంక్చర్ వేసేటప్పుడు సొల్యూషన్ పూశాక నాలుగైదు నిమిషాలు ఆగండి. మెరుపు పోయి, తాకితే వేలికి అంటకుండా ఉండాలి. తడి మీదే అతుకు వేస్తే సాయంత్రానికి గాలి దిగిపోతుంది. ఒకసారి తెరిచిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో లోపలే ఎండిపోతుంది, కాబట్టి సీలు తీయనిది ఇంకోటి ఉంచుకోండి. టైరు పక్కగోడ చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క అరచేయంత చాలు.

చైనును స్కేలుతో కొలవండి. కొత్తదానిలో ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను దాకా సరిగ్గా 12 అంగుళాలు. 1/16 అంగుళం సాగగానే మార్చేస్తే పళ్లచక్రాలు నిలుస్తాయి. 1/8 దాకా వదిలేస్తే అవీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త చైను పళ్ల మీద జారుతుంది.

ఇక రిమ్ము బ్రేకులు. వానలో ఇసుక బ్రేకు రబ్బర్లలో ఇరుక్కుని రిమ్మును చెక్కేస్తుంది. వారానికోసారి రబ్బరు మీద మెరిసే రేణువులను సూదితో పీకేయండి. రిమ్ము పక్కన వేలితో తడిమితే గుంట తగిలినా, అరుగుదల గీత చెరిగిపోయినా దాన్ని మార్చే వేళ వచ్చినట్టే. హబ్ బాగుంటే ఉంచేసి, కొత్త రిమ్ముతో పాటు స్పోకులన్నీ కొత్తవే వేయించండి.