నట్టు బిగిస్తే పట్టు రాదు: వెనక డ్రమ్ము బ్రేకుతో తొమ్మిదేళ్లు

నాది 2016లో కొన్న వంద సీసీ బండి. ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులే. అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును లోపలినుంచి రెండు షూలు ఒరుసుకుని బండిని ఆపుతాయి. ఇల్లు మంగళగిరిలో, ఉద్యోగం విజయవాడ గవర్నరుపేటలో. ఉండవల్లి సెంటరు, సీతానగరం మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి రోజూ వెళ్లి వస్తాను. మీటరు 70,000 కిలోమీటర్లు దాటింది. ఇంజిను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి దాని గురించి రాయడానికేమీ లేదు. వెనక బ్రేకు గురించి మాత్రం చాలా ఉంది. మొదటి మూడేళ్లు దాన్ని తప్పుగా చూసుకున్నాను, తప్పుగానే తొక్కాను.

పెడల్ లోతుకు దిగుతోందనిపిస్తే చాలు, దారిలో ఏదో ఒక షెడ్డు దగ్గర ఆపేవాణ్ణి. పెడల్‌ను వెనక బ్రేకుతో కలిపే రాడ్డు చివరి నట్టు రెండు చుట్లు బిగించి పంపేవారు. రెండు రోజులు పట్టినట్టే ఉండేది. తర్వాత మళ్లీ అదే కథ. కాలి కింద పెడల్ బండరాయిలా ఉండేది తప్ప బండి ఆగేది కాదు. ఒకరోజు ఆఫీసు ముందు దిగగానే కాలిన వాసన వచ్చింది. వంగి చెయ్యి దగ్గర పెడితే వెనక చక్రం మధ్యనుండే హబ్బు పెనంలా కాలుతోంది. సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. పెడల్ మీద కాలు లేకపోయినా షూలు డ్రమ్మును రాస్తూనే ఉన్నాయి. నెల రోజులుగా మైలేజీ పడిపోవడానికి కారణమూ అదే.

ఆ ఆదివారం ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన నట్టు జోలికే పోలేదు. ఇరుసు లాగి, చక్రం దించి, షూలు బిగించి ఉండే బ్రేకు ప్లేటును నా చేతికిచ్చారు. షూల మీద ఒరుసుకునే పొర, అదే లైనింగు, అద్దంలా మెరుస్తోంది, గోటితో గీసినా గీత పడలేదు. పెడల్ తొక్కినప్పుడు పక్కకు తిరుగుతూ షూలను విడదీసే కామ్ అనే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. దాని కాడ చుట్టూ పాత గ్రీజు, బ్రేకు పొడి, వాననీటి బురద కలిసి నల్లగా గడ్డకట్టాయి. వేళ్లతో తిప్పి చూడమన్నారు. కదల్లేదు. "ఇది తిరగనిదే షూ వెనక్కి ఎలా వస్తుంది బాబూ? నట్టు బిగించి ఏం లాభం?" అన్నారు.

కామ్‌ను ఊడదీసి కిరోసిన్‌తో కడిగి, పొడిగా తుడిచి, వేడికి కరగని గ్రీజును కాడకు పలచగా రాశారు. ఎక్కువ రాస్తే మిగిలింది జారి లైనింగు మీద పడుతుంది, ఆ షూలు ఇక పనికిరావు. షూల మీది మెరుపును ఎమరీ కాగితంతో పోగొట్టి, డ్రమ్మును తడి గుడ్డతో తుడిచారు. ఆ పొడిని నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదకూడదు, ఊపిరితిత్తులకు చేటు. ఎన్నో షెడ్లలో ఇప్పటికీ ఊదుతూనే ఉన్నారు, చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

ఆయన ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు. అంతకుముందు ఎవరో రాడ్డును కామ్ కాడతో కలిపే బ్రేకు ఆర్మును ఊడదీసి ఒక పన్ను పక్కకు జరిపి బిగించారు. రాడ్డుకు ఇంకా మర మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి షూలు ఇంకా అరగలేదనే అనుకుంటాం. పెడల్ నొక్కి పట్టినప్పుడు రాడ్డూ ఆర్మూ దాదాపు లంబకోణంలో ఉంటేనే కాలి బలం పూర్తిగా కామ్‌కు చేరుతుంది. ఆ కోణం దాటేకొద్దీ కాలి బలం వృథా అవుతూ పోతుంది. షూల అరుగుదల తెలుసుకోవడానికి నట్టును చూడనక్కర్లేదు. బ్రేకు పూర్తిగా తొక్కి, కామ్ మీది చిన్న బాణం ప్లేటు మీది గుర్తుకు చేరిందేమో చూస్తే చాలు. చేరితే షూలు మార్చాల్సిందే.

అప్పటినుంచి ఏటా వానాకాలానికి ముందు చక్రం దించి కామ్ శుభ్రం చేయిస్తున్నాను. బ్రేకు పట్టకముందు పెడల్ వదులుగా దిగేందుకు పైనుంచి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంచుతాను. చెయిన్ బిగించినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో రాడ్డు బిగుసుకుంటుంది. అందుకే చెయిన్ పని అయిన ప్రతిసారీ చక్రాన్ని చేత్తో తిప్పి చూసిగానీ బండి తీయను. ఒకసారి చవక షూలు వేయించి నష్టపోయాను. ఆరు నెలలకే కీచుమన్నాయి, తడిలో అసలు పట్టలేదు. కొత్త షూలు ఏవైనా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా వాడాలి, డ్రమ్ము గుండ్రానికి అవి ఒదగాలి.

ఇక తొక్కడం. 2019 జూలైలో, తొలి వాన పడిన సాయంత్రం, సీతానగరం వైపు బ్యారేజీ దిగుతుండగా ముందు ఆటో హఠాత్తుగా ఆగింది. భయంతో వెనక బ్రేకును బలంకొద్దీ తొక్కాను. చక్రం బిగుసుకుపోయింది, వెనక భాగం ఎడమకు జారింది, మోకాలు రోడ్డును గీసుకుంది. వెనకాల లారీ లేకపోవడం నా అదృష్టం. నిజానికి ఆ రోడ్డు మీదికి భారీ వాహనాలను రానివ్వరు. అదే జారుడు జాతీయ రహదారి వంతెన మీదైతే ఈ మాటలు రాసేవాణ్ణి కాదేమో.

బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం తొందరగా బిగుసుకుంటుంది. అందుకే బండిని ఆపేది ప్రధానంగా ముందు బ్రేకే. నేనిప్పుడు వెనక బ్రేకును ముందుగా మెత్తగా అందుకుంటాను. బండి కాస్త కుదురుకోగానే ముందు బ్రేకును క్రమంగా నొక్కుతూ పోతాను, వెనకది మాత్రం పెంచను. చక్రం జారినట్టు అనిపిస్తే హ్యాండిల్ తిన్నగా ఉంచి పెడల్‌ను కొద్దికొద్దిగా వదులుతాను. ఖాళీ మైదానంలో నెల రోజులు సాధన చేస్తేగానీ కాలు మాట వినలేదు. వెనక మా అమ్మ కూర్చుంటే లెక్క మారుతుంది. బరువు వెనక ఉంటుంది కనుక పెడల్ మరికాస్త గట్టిగా తొక్కవచ్చు, ప్రయోజనమూ ఎక్కువే.

వెనక బ్రేకు అసలు విలువ తెలిసేది నెమ్మది నడకలో. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు తాకితే బండి పడిపోతుంది. కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, వెనక బ్రేకును సన్నగా పట్టి ఉంచితే తోపుడు బండ్ల మధ్య నుంచి కాలు కింద పెట్టకుండా రావచ్చు. కొండవీడు కోట ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం అలా పట్టి ఉంచకూడదు, డ్రమ్ము వేడెక్కి పట్టు పోతుంది. రెండో గేరులో ఇంజినే వేగాన్ని ఆపుతుంది, బ్రేకు అప్పుడప్పుడు తాకిస్తే చాలు. వాటర్ సర్వీసు చేయించిన రోజు మొదటి అర కిలోమీటరు పెడల్‌ను తేలిగ్గా నొక్కుతూ డ్రమ్మును ఆరబెడతాను.

మా తమ్ముడి కొత్త బండిలో పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లన్నిటికీ ఆ ఏర్పాటుగానీ, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌గానీ తప్పనిసరి చేశారు. కాలి బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటున్నవారికి అది నిజంగా మేలు. నా పాత బండికి ఆ వసతి లేదు, చెయ్యీ కాలూ కలిసే పని చేయాలి.

ఇప్పటికి మూడు జతల షూలు మార్చాను. కిందటి నెల ఆటోనగర్‌లో డ్రమ్ము లోపలి వ్యాసం కొలిపిస్తే 130.6 మిల్లీమీటర్లు వచ్చింది. హబ్బు మీద అచ్చువేసిన పరిమితి 131. ఇంకో జతకు చాలు, ఆ తర్వాత హబ్బే మార్చాలి.