భయపెట్టే గదుల కోసం ఒక ప్రయాణం

నేను నాటకాలు వేయిస్తుంటాను. స్టేజీ మీదైతే ప్రేక్షకుడు ఎటు చూడాలో లైటు వేసి చెప్పేస్తాం. అదే ప్రేక్షకుడు కుర్చీలోంచి లేచి చీకటి గదుల్లో తిరుగుతుంటే దర్శకుడు ఏం చేయాలి? న్యూయార్క్ నాటక దర్శకుడు టిమొతీ హాస్కెల్ 2004లో ‘నైట్‌మేర్’ అనే హాంటెడ్ హౌస్ (జనం చీకటి గదుల్లో నడుస్తుంటే నటులు భయపెట్టే ప్రదర్శన) మొదలుపెట్టాడని చదివిన రోజు నుంచి ఇదే ఆలోచన. 2024 అక్టోబరులో తమ్ముడితో కలిసి బయల్దేరాను.

ముందు న్యూయార్క్. చెల్సీలో వెస్ట్ 27వ వీధిలోని మెకిట్రిక్ హోటల్‌లో ‘స్లీప్ నో మోర్’ చూశాం. పేరులో హోటల్ అని ఉన్నా అక్కడ బస ఉండేది కాదు, భవనమంతా నాటకమే. తెల్ల మాస్క్ పెట్టుకుని, మాట్లాడకుండా, ఎవరికి తోచిన గదిలోకి వాళ్లు వెళ్లేవాళ్లు. ఒక సొరుగు లాగితే నిజంగా ఉత్తరాలున్నాయి! 2011లో మొదలైన ఆ ప్రదర్శన 2025 జనవరిలో ఆగిపోయింది. చూడగలిగినందుకు ఇప్పటికీ సంతోషం.

అక్కడి నుంచి ఫిలడెల్ఫియాకు రైల్లో గంటన్నర. ఊరి మధ్యలో మేం దిగిన హోటల్ శుభ్రంగానే ఉంది కానీ, సాయంత్రం నాలుగు దాకా గది ఇవ్వలేదు, పెట్టెలు దాచినందుకు వేరే డబ్బులు తీసుకున్నారు. పైగా రాత్రి షో అయ్యాక టాక్సీ కోసం నిలబడాల్సి వచ్చింది. మళ్లీ వెళితే ఫెయిర్‌మౌంట్ పేటలోనే దిగుతాను. మేం చూడడానికి వచ్చిన పాత జైలు, ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీకి అక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు.

1829 నుంచి 1971 దాకా అది నిజం జైలు. పగలు ముందు చూడండి. ఆడియో టూర్‌లో నటుడు స్టీవ్ బుషెమీ గొంతు వినిపిస్తుంటే, ఒంటరి ఖైదు గదిలో పైకప్పు కిటికీలోంచి పడే కాస్త వెలుతురు కింద నిలబడ్డాం. మనసు బరువెక్కింది. హాలోవీన్ పండుగ సీజన్‌లో చీకటి పడ్డాక అదే ఆవరణ ‘హాలోవీన్ నైట్స్’ అనే హాంటెడ్ హౌస్ వేడుక అవుతుంది. 1991లో నిధుల కోసం మొదలైన వేడుక ఇది, ఆదాయం ఇప్పటికీ ఆ కట్టడాన్ని కాపాడడానికే వెళుతుంది. నటులు తాకినా ఫర్వాలేదనుకునే వాళ్లు మెరిసే గొలుసు వేసుకుంటారు. తమ్ముడు వేసుకున్నాడు, నేను వద్దన్నాను.

ఒక నడవలో కుడివైపు గోడ దగ్గర ఏదో కదిలింది. అందరం అటు తిరిగాం. అసలు మనిషి ఎడమవైపు, మా మోకాళ్ల ఎత్తు నుంచి లేచాడు! కేకలు అయిపోయాక నేను వెనక్కి చూశాను. అతను చెమట తుడుచుకుని, భుజాలు సర్దుకుని మళ్లీ మూలలోకి ఒదిగిపోయాడు. తర్వాతి గుంపు మలుపు తిరిగేలోపు ఇదంతా జరిగిపోవాలి. రాత్రంతా అదే దూకుడు, అదే ఊపిరి. కాస్త ముందు లేచినా, కాస్త ఆలస్యమైనా భయం పుట్టదు. ఇక్కడ దర్శకుడు రిహార్సల్ చేయించేది మాటల్ని కాదు, ఆ రెండు క్షణాల్ని.

నడవ చివర ఎగ్జిట్ బోర్డు వెలుగుతూనే ఉంది. 1984లో న్యూజెర్సీలోని ఒక పార్కులో హాంటెడ్ కాజిల్ తగలబడి 8 మంది టీనేజ్ పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే ఇలాంటి చోట్ల అగ్నిమాపక నియమాలు బిగించారు. చీకటిని ఎంత ప్రేమించే దర్శకుడైనా ఆ బోర్డు జోలికి పోకూడదు.

వారం మధ్యలో వెళితే క్యూ చిన్నది, టికెట్ కూడా తగ్గుతుంది. స్వెట్టర్ తప్పనిసరి. గొలుసు మాత్రం ఈసారి నేనూ వేసుకుంటాను. తమ్ముడిని మా నుంచి విడదీసి ఏ గదిలోకి తీసుకెళ్లారో వాడు ఇప్పటికీ చెప్పడం లేదు.