నైట్ అవుట్ బస్సులో ఓట్స్ సీసా: ఐదు నెలలు తిన్నాక

మాది టెక్కలి. ఆర్టీసీలో కండక్టరుని. వారానికి రెండు, ఒక్కోసారి మూడు నైట్ అవుట్ డ్యూటీలు పడతాయి. సాయంత్రం చివరి ట్రిప్పు తీసుకెళ్ళి మెళియాపుట్టి అవతల ఒక ఊళ్ళో బండి ఆపేస్తాం, అక్కడే పడుకుంటాం, తెల్లారగట్ల నాలుగున్నరకి అదే బండి మొదటి సర్వీసుగా బయల్దేరుతుంది. ఆ వేళకి ఆ ఊళ్ళో టీ చుక్క దొరకదు. టెక్కలి వచ్చి మళ్ళీ ఇంకో ట్రిప్పు కొట్టి దిగేసరికి ఎనిమిదిన్నర. ఆకలికి కళ్ళు తిరుగుతుంటాయి. నాలుగు పూరీలు, పైన రెండు బజ్జీలు, పంచదార దిట్టంగా వేసిన టీ. ఇరవై ఏళ్ళు ఇదే నడిచింది.

దసరా వెళ్ళాక రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ అంటారు) 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గుమ్మంలో నిలబడి ఉందని డాక్టరు గారు చెప్పారు. పూరీలు, బజ్జీలు మానమన్నారు. మానేసి ఏం తినాలో మాత్రం బెంగళూరులో ఉన్న మా అమ్మాయి చెప్పింది. "నాన్నా, ఓవర్‌నైట్ ఓట్స్ చేసుకో. పొయ్యి అక్కర్లేదు, రాత్రి నానబెట్టుకుంటే పొద్దున్న తినెయ్యడమే" అంది. పొయ్యి అక్కర్లేదన్న మాటే నాకు నచ్చింది. ఈ ఐదు నెలల్లో కొన్నవి, పారేసినవి, మళ్ళీ మళ్ళీ కొంటున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట కొన్నది పేకెట్ మ్యూస్లీ, అంటే ఓట్స్, గింజలు, పప్పులు, ఎండు పళ్ళు కలిపి అమ్మే సరుకు. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు ఒక సూపర్‌మార్కెట్‌లో తీసుకున్నాను, 400 గ్రాములు, 310 రూపాయలు. అట్ట మీద స్ట్రాబెర్రీలు, బాదంపప్పులు దండిగా ఉన్నాయి. లోపల వెతికితే బాదం తునకలు ఏడో ఎనిమిదో తేలాయి. ఎర్రగా మెరిసేవి పళ్ళనుకున్నాను, కొరికితే టూటీఫ్రూటీ. అంటే పచ్చి బొప్పాయిని పంచదార పాకంలో ఊరబెట్టి రంగు వేసింది. మన ఊళ్ళో కిళ్ళీలో వేస్తారే, అదే. అప్పుడు వెనక్కి తిప్పి చదివాను. మన దేశంలో రూలు ప్రకారం ఏది ఎక్కువ బరువు పడిందో దాని పేరు ముందు రాయాలి. ఓట్స్, గోధుమ రేకులు, మూడోది పంచదార. 100 గ్రాములకి కలిపిన పంచదార 20 గ్రాములని వాళ్ళే అచ్చేశారు. పొద్దున్నే 50 గ్రాములు తింటే రెండు చెంచాల పంచదార తిన్నట్టు. షుగరు గుమ్మంలో ఉన్న మనిషికి ఇది ఎదురెళ్ళి కాళ్ళు కడిగి లోపలికి పిలవడమే. రుచి బాగుంది, ఆ మాట దాచను. కానీ ఇంకోసారి కొనలేదు.

తర్వాత ఓట్స్ విడిగా కొన్నాను. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మొదటిసారి ఇన్‌స్టంట్ అని రాసి ఉన్న పేకెట్ తెచ్చాను. రాత్రి పాలల్లో నానబెట్టి పొద్దున్న మూత తీస్తే, గోడలకి పోస్టర్లు అంటించే మైదా జిగురు! మా ఆవిడ తొంగి చూసి, "ఏటండీ ఇది, ఎలక్షన్లు వచ్చీసాయా?" అంది. ఇన్‌స్టంట్ రకాన్ని బాగా ఉడికించి, కాగితమంత పల్చగా నొక్కి, ముక్కలు చేస్తారు. వేడినీళ్ళు పోస్తే నిమిషంలో ఉడకడానికి చేసిన సరుకు, రాత్రంతా నానిస్తే కరిగిపోక ఏమవుతుంది? మనకి కావలసింది రోల్డ్ ఓట్స్. కొన్ని పేకెట్ల మీద జంబో అని కూడా ఉంటుంది. గింజని ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కినది, రేకు దళసరిగా ఉంటుంది. ఆవిరి పట్టినదే కాబట్టి మళ్ళీ ఉడికించకుండా నానబెట్టి తిన్నా ఫర్వాలేదు. పచ్చి గింజ తింటున్నామన్న భయం అక్కర్లేదు. మా డిపోలో ఒకాయన ఇంకా ఆరోగ్యమని స్టీల్ కట్ అనే రకం తెచ్చుకున్నాడు. అది ఓట్స్ నూక. రాత్రంతా నానినా పంటికింద పటపటమంటుంది. ఉప్మాకి పనికొస్తుంది గానీ మన సీసాకి కాదు.

ఓట్స్‌లో ఆ జిగురే మంచిదని అమ్మాయి చెప్పింది. బీటా గ్లూకాన్ అనే పీచుపదార్థమట. రోజుకి 3 గ్రాములు పడితే చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుందట, గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చని అమెరికా వాళ్ళు 1997లోనే పేకెట్ల మీద రాసుకోనిచ్చారు. నేను తినే కొలతకి అందులో సగం కూడా రాదు. అందుకని ఇదేదో మందు అనుకోవద్దు, టిఫిన్ అంతే.

ఇక అసలు సరుకు, ఇంట్లో కలుపుకునే మ్యూస్లీ. దీనికి ప్రాణం పోసింది పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్టు. పేరు రాయను, స్టాండుకి నడిచెళ్ళే దూరంలోనే ఉంది. పలాస జీడిపప్పు గురించి మన జిల్లావాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది? కానీ అక్కడికెళ్ళి గుండు, అంటే విరగని నిండు పప్పు, అడిగితే జేబు గుల్ల. కొట్టు ఆయన ముందు డబ్ల్యూ 240 చూపించాడు. పౌండుకి 240 గింజల దాకా తూగే సైజన్నమాట. నంబరు పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది. పెళ్ళి పాయసంలోకి గుండు ఉండాలి. సీసాలో నానబెట్టుకునే దానికి ముక్క చాలు. ఆ రోజు గుండు కిలో 980 చెప్పి, ముక్క 700కి ఇచ్చాడు. ముక్కలో కూడా పెద్ద ముక్క, చిన్న ముక్క, రవ్వ అని ఉంటాయి. పెద్ద ముక్క తీసుకోండి, రవ్వ అడుక్కి దిగిపోయి ముద్దవుతుంది.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. రెండోసారి వెళ్ళినప్పుడు ముందే కట్టి పెట్టిన పేకెట్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుంటే ముక్కిపోయిన వాసన. వారం తర్వాత అటు డ్యూటీ పడ్డప్పుడు పట్టుకెళ్ళి చూపించాను. వాసన చూసి, మారు మాట్లాడకుండా డబ్బాలోంచి కొత్తది తూచి ఇచ్చాడు. అందుకే ఇంకా ఆయన దగ్గరే కొంటున్నాను. మీరు మాత్రం కళ్ళముందు తూయించుకుని, ఒక ముక్క నమిలి చూసి మరీ తీసుకోండి.

కిలో సరుకుకి నా లెక్క ఇది. రోల్డ్ ఓట్స్ అరకిలో. దళసరి అటుకులు, వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు ముక్క తలా 100 గ్రాములు. గుమ్మడి గింజలు 50, అవిసె గింజలు 50, నువ్వులు 25, కిస్‌మిస్ 75. నాకు మొత్తం 280 రూపాయల దగ్గర పడింది. రోజుకి 50 గ్రాముల చొప్పున ఇరవై టిఫిన్లు, ఒక్కోటి 14 రూపాయలు. పెరుగు ఖర్చు వేరే అనుకోండి. పేకెట్ మ్యూస్లీ అయితే కిలో 775 పడేది.

వేయించడం మా ఆవిడ పని, నేను పక్కన నిలబడి తిట్లు తింటాను. అన్నీ ఒకే మూకుట్లో పొయ్యకూడదు. ఓట్స్ సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు, చేత్తో నలిపితే పెళుసుగా విరగాలి. గుమ్మడి గింజలు ఉబ్బి టప్‌మని ఎగరగానే దించెయ్యాలి. అవిసె గింజలు వేయించి కచ్చాపచ్చాగా దంచాలి, లేకపోతే గింజ గింజలాగే కడుపులోంచి బయటికి పోతుంది. అన్నీ బాగా చల్లారాకే కిస్‌మిస్ కలపాలి. మొదటిసారి వేడి మీద కలిపేసి మూత పెట్టాం, వారానికల్లా డబ్బా లోపల చెమ్మపట్టి ఓట్స్ మెత్తబడిపోయాయి. మా అత్తారిది ఉద్దానం, కొబ్బరికి కొదవలేదు కదా అని ఒకసారి ఎండుకొబ్బరి కోరు కూడా వేశాం. పదిహేను రోజులకే పాత నూనె వాసన కొట్టింది. ఇప్పుడు కొబ్బరి తినేముందు పైన చల్లుకోవడమే.

ఈ మ్యూస్లీ సంగతి కూడా అమ్మాయే చెప్పింది. 1900 ప్రాంతంలో జ్యూరిచ్‌లో బిర్షర్ బెన్నర్ అనే డాక్టరు తన రోగులకి పెట్టేవాడట. అప్పట్లో అందులో ఎక్కువ భాగం తురిమిన యాపిల్, ఓట్స్ ఒక్క చెంచా, అదీ ముందురోజు నీళ్ళలో నానబెట్టినది. మా ఆవిడ అంతా విని, "మన తరవాణి కుండని సీసాలోకి దింపీసి మనకే అమ్ముతున్నారు" అని తేల్చేసింది. పూర్తిగా నిజం కాదు, తరవాణి అంటే అన్నం, గంజి నీళ్ళు కుండలో ఊరబెట్టేది, అది పులుస్తుంది, ఇది పులవకూడదు. పులవకుండా చూసుకోవడమే నైట్ అవుట్‌లో నా తిప్పలన్నీ.

ఇంట్లో అయితే ఫ్రిజ్ ఉంది, పాలల్లో నానబెట్టి పెట్టేస్తే రెండో రోజుకి కూడా బాగుంటుంది. బస్సులో ఫ్రిజ్ ఎక్కడిది? మొదటి రెండుసార్లు ఇంట్లోనే పాలు పోసి పట్టుకెళ్ళాను. సాయంత్రం అయిదింటి నుంచి తెల్లవారుజాము దాకా మన ఉక్కలో పాలు ఉంటాయా? మూత తీయగానే బుస్సుమంది. బండి పక్కన రావిచెట్టు మొదట్లో పారబోశాను, కుక్క కూడా వాసన చూసి పోయింది.

ఇప్పుడు పద్ధతి మార్చాను. సీసాలో పొడి సరుకు ఒక్కటే పట్టుకెళ్తాను. జీడిపప్పు, కిస్‌మిస్ విడిగా పొట్లం. చిన్న డబ్బాలో నాలుగు చెంచాల పెరుగు. ఊరు చేరి, డబ్బులు లెక్క చూసుకుని, సీటు కమ్మీలకి దోమతెర కట్టుకున్నాక పదింటికి సీసా మూత తీస్తాను. ఇంటినుంచి తెచ్చుకున్న కాచిన నీళ్ళు అరగ్లాసు, పెరుగు, చిటికెడు ఉప్పు. చెంచాతో కలిపితే మొదట నీళ్ళల్లో రేకులు తేలుతూ, ఇదేం నానుతుందిలే అనిపిస్తుంది. తడిగుడ్డ చుట్టి కిటికీ దగ్గర, గాలి తగిలేచోట పెడతాను. నాలుగింటికి అలారం మోగాక చూస్తే చెంచా నిలబడుతుంది. అటుకులు జాడలేకుండా కలిసిపోయి ఉంటాయి, ఓట్స్ రేకు మాత్రం రేకులాగే ఉంటుంది. పొట్లం విప్పి పైన పోసుకుంటే మెత్తదనం మధ్యలో కరకరలాడుతుంది. ఒకరోజు బద్ధకించి జీడిపప్పు కూడా రాత్రే వేసేశాను. పొద్దున్నకి అచ్చం ఎండాకాలంలో చెట్టునుంచి కోసిన పచ్చి జీడిపప్పులా తీపిగా, మెత్తగా తయారైంది. ఇప్పుడు సగం రాత్రి, సగం పొద్దున్న వేస్తున్నాను.

బండి తీసేలోపే తినెయ్యాలి. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చినప్పటినుంచి మొదటి సర్వీసుకే బస్సు నిండిపోతోంది. కూరగాయల గంపలు సర్దించి జీరో టికెట్లు కొట్టేసరికి సరి, చెంచా పట్టుకునే తీరికేదీ? మా డ్రైవరు మొదట్లో నవ్వేవాడు. ఒకరోజు రెండు చెంచాలు పెట్టాను. నమిలి నమిలి, "గురూ, ఇది మా అమ్మ పోసే చోడి (రాగి) అంబలే. జీడిపప్పేసి ఇంగ్లీషు పేరెట్టారు" అన్నాడు. మూడో చెంచా కూడా అడిగాడు.

సీసా గురించి ఒక్కమాట. తక్కువకి దొరికిందని ప్లాస్టిక్ మూత గాజుసీసా కొన్నాను. రెండో నెలకి లోపలి రబ్బరు వదులై సంచిలో కారింది. టికెట్ల లెక్క రాసే ఎస్సార్ కాగితం పెరుగులో నానింది, డిపోలో దాన్ని ఆరబెట్టి ఇస్తే గుమస్తా గారు ముక్కు మూసుకుని తీసుకున్నారు. ఇప్పుడు మరమూత స్టీలు డబ్బా వాడుతున్నాను, లోపల ఎంత నానిందో కనపడదు గానీ కారదు.

ఫలితం అడుగుతారు కదా. మొన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే 6.0 వచ్చింది. అదంతా ఓట్స్ మహిమ అని నేను చెప్పను. పూరీలు, బజ్జీలు, తీపి టీ మానేశాను కదా, ఆ లెక్క కూడా చూడాలి. పదకొండింటి దాకా ఆకలి మాత్రం వెయ్యట్లేదు, అది ఖాయం. ఇంకో సంగతి. కవిటిలో మా బావగారికి కిడ్నీ సమస్య ఉంది, ఉద్దానంలో ఆ కష్టం ఎన్ని ఇళ్ళలో ఉందో అందరికీ తెలుసు. ఆయనకి కూడా ఒక డబ్బా పట్టుకెళ్దామనుకున్నాను. ముందు డాక్టరుగార్ని అడిగితే ఆయన స్థితిలో పప్పులు, గింజలు, కిస్‌మిస్ వద్దన్నారు, పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువట. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే అడక్కుండా పెట్టొద్దు.

కాశీబుగ్గ కొట్టు ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాడు, పొద్దున్నే వెళ్ళండి. గుండే చూపిస్తాడు. ముక్క కావాలని రెండుసార్లు చెప్తే గానీ లోపలికెళ్ళి తేడు.