సన్న తాడా, లావు తాడా: ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది?

క్లైంబింగ్‌కు సొంత తాడు కొనాలనుకునేవాళ్లు దాదాపు అందరూ ఇదే అడుగుతారు. 9.2 మిల్లీమీటర్ల సన్నది తీసుకోవాలా, 9.8 నుంచి 10.2 మధ్య ఉండే లావుది తీసుకోవాలా? అడుగుతూనే ప్యాకెట్ మీది ఫాల్స్ సంఖ్య (పరీక్షలో తాడు ఎన్ని పడిపోవడాలను తట్టుకుందన్న అంకె) చూపిస్తారు. ఒకదాని మీద 6, ఇంకోదాని మీద 9 ఉంటే రెండోదే ఎక్కువ కాలం వస్తుందని వాళ్ల లెక్క.

ఆ అంకె చెప్పేది వేరే సంగతి. సింగిల్ రోప్ (ఒక్కటిగానే వాడే తాడు) పరీక్షలో 80 కిలోల బరువును 1.7 పైన ఫాల్ ఫ్యాక్టర్‌తో (పడిన దూరాన్ని మధ్యలో ఉన్న తాడు పొడవుతో భాగిస్తే వచ్చేది), తాడులో ఒకే చోట భారం పడేలా, మళ్లీ మళ్లీ పడేస్తారు. కనీసం 5 సార్లు తెగకుండా ఆపాలి. మన మామూలు ఫాల్స్ అంత ఘోరంగా ఉండవు. 10 మీటర్ల ఎత్తులో రాతికి బిగించి, తాడు తగిలించి ఉన్న బోల్ట్ దాటి 2 మీటర్లు ఎక్కి జారితే పడేది 4 మీటర్లు, మధ్యలో ఉన్న తాడు 12 మీటర్లు. ఫ్యాక్టర్ 0.33. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో ఏళ్ల తరబడి భద్రతా పరిశోధన చేసిన పిట్ షూబర్ట్ చెప్పిందీ ఇదే: దెబ్బతినని తాడు ముడి దగ్గరో కారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) దగ్గరో తెగదు. తెగితే పదునైన రాతి అంచు మీద తెగాలి, లేదా యాసిడ్ తగిలి ఉండాలి.

మరి తాళ్లు ఎందుకు మూలపడుతున్నాయి? అరిగిపోయి. టాప్‌రోప్‌లో (తాడు పైనుంచి వేసి ఎక్కేటప్పుడు) రాయికి రాసుకుంటాయి, రూట్ పైనున్న యాంకర్ రింగుల్లోంచి మనిషిని దించేటప్పుడు వేడెక్కుతాయి, ఇసుక రేణువులు పోగుల్లో దూరి లోపల్నుంచి కొరుకుతాయి. వీటి దెబ్బ ముందుగా పడేది పైనున్న షీత్ (అల్లిన తొడుగు) మీదే. అందుకే నేను ఏ తాడు చూసినా మీటరు బరువును షీత్ శాతంతో హెచ్చిస్తాను. మీటరుకు 63 గ్రాములుండే 9.8 తాడులో షీత్ 40 శాతమైతే 25 గ్రాములు. 66 గ్రాముల 10.1 తాడులో 34 శాతమే అయితే 22 చిల్లర. అంటే లావుగా కనిపించేదానికే షీత్ తక్కువ! 55 గ్రాముల 9.2 తాడుకు 36 శాతమైతే 20 కూడా రాదు. అల్లిక ఎంత బిగువుగా ఉందన్నదీ ముఖ్యమే కానీ అది ప్యాకెట్ మీద రాయరు, చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

సన్న తాడుకు దాని సుఖం దానికుంది. పై లెక్క ప్రకారం 70 మీటర్లకు అరకిలో పైనే తగ్గుతుంది, పొడవాటి రూట్‌లో చివరి క్లిప్ దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ బిలే డివైస్‌లో (కింద తాడు పట్టుకునే బిలేయర్ వాడే పరికరం) జారుడుగా పోతుంది, పట్టుకునేవాళ్లకు అలవాటు ఉండాలి. కష్టమైన రూట్ మీద ఆఖరి ప్రయత్నానికి అది మంచిదే. ఒకే ఒక్క తాడు కొనేవాళ్లు మాత్రం షీత్ 40 శాతం దగ్గరున్న 9.8 తీసుకుంటే నయం.

పొడవు సంగతి చాలామంది పట్టించుకోరు. నడుముకు కట్టుకునే హార్నెస్‌కు ముడి వేసేదీ, ఫాల్స్ దెబ్బ ఎక్కువగా తినేదీ చివర్లే కాబట్టి ముందు పాడయ్యేవీ అవే. 70 మీటర్లది కొంటే రెండు వైపులా మూడేసి మీటర్లు కోసేసినా 64 మిగులుతుంది. 60 కొన్నవాళ్లకు 54తో చాలా రూట్లు అందవు. కోసేటప్పుడు రెండు వైపులా సమానంగా కోయకపోతే తాడు సగం ఎక్కడో చూపే మధ్య గుర్తు నడుమ నుంచి తప్పిపోతుంది. దాన్ని నమ్మి దించితే తాడు చివర బిలేయర్ చేతిలోంచి జారిపోవచ్చు. ఆ చివర ముడి ఎప్పుడూ ఉండాల్సిందే.

డ్రై ట్రీట్‌మెంట్ (నీళ్లు పీల్చకుండా వేసే పూత) మంచుకీ తడి కొండలకీ కావాలి. మామూలు తాడు తన బరువులో 40 శాతం దాకా నీళ్లు పీల్చగలదు, యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య) నీటి పరీక్ష పాసైనది 5 శాతం దాటదు. జిమ్ గోడకైతే దండగ. షీత్‌లో అరమిడ్ అనే సులువుగా తెగని పోగు కలిపిన తాళ్లు పదునైన అంచులున్న చోటికి బాగుంటాయి, ఖరీదెక్కువ. రెండేసి కలిపి వాడే హాఫ్, ట్విన్ తాళ్ల ఆట వేరు. పెద్దగా సాగని స్టాటిక్ తాడుతో లీడ్ (కింది నుంచి తాడును బోల్ట్‌లకు తగిలించుకుంటూ) ఎక్కకూడదు, అంతే.

ఇక ఎప్పుడు మార్చాలి? తయారీదారులు సాధారణంగా ఇచ్చే లెక్క ఇది: వారం వారం వాడితే ఏడాది, నెలకు కొన్నిసార్లు అయితే మూడేళ్లు, నెలకోసారి అయితే ఐదేళ్లు, అసలు వాడకపోయినా పదేళ్లు. నేను దీన్ని పైహద్దుగానే తీసుకుంటాను, తీర్పు చేతిదే. ఎక్కే ముందు తాడంతా వేళ్ల మధ్యనుంచి లాగండి. కొంచెం నూగు లేస్తే టెన్షన్ పడక్కర్లేదు. ఎక్కడైనా మెత్తగా పల్లంగా తగిలినా, వంచితే ఉంగరంలా తిరగకుండా మడత పడిపోయినా, షీత్ కరిగి గట్టిపడినా, లోపలి తెల్లటి కోర్ కనిపించినా అక్కడితో ఆ భాగం పని అయిపోయింది. చివరకు దగ్గరైతే కోయొచ్చు, నడుమనైతే తాడంతా పక్కన పెట్టాలి.

యాసిడ్‌తోనే అసలు చిక్కు. బ్యాటరీ ఉన్న డిక్కీలో పడేసిన తాడు పైకి కొత్తదానిలాగే ఉండి లోపల నైలాన్ పాడై ఉండొచ్చు, వేళ్లకు తెలియదు, కంటికి కనబడదు. అనుమానం వస్తే వాడకండి. సెకండ్ హ్యాండ్ తాడు గురించీ అడుగుతుంటారు. ఎంత తక్కువకు ఇచ్చినా, అది ఎక్కడెక్కడ పడి ఉందో తెలియనంత వరకు నేను దానికి వేలాడను.