ఆ హైదరాబాద్ వ్యాపారి దగ్గర టాండెం (ఇద్దరు కలిసి తొక్కే సైకిల్) కొంటున్నారా? ఎడమ పక్క చూడనిదే డబ్బు పంపకండి

హైదరాబాద్‌లో గోదాము పెట్టుకుని విదేశాల పాత టూరింగ్ సైకిళ్లు తెప్పించి అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు దూరప్రయాణాలు తొక్కేవారికి వేరే చెప్పనక్కరలేదు. పేరు రాయను. ప్రతి ఫోటో కింద "ఫ్రేమ్ గ్యారంటీ నాది" అని రాసుకునేది ఆయన ఒక్కరే. ఆ గ్యారంటీ గల ఫ్రేమ్ ప్రస్తుతం హన్మకొండలో ఒక వెల్డింగ్ దుకాణం గోడకు ఆనించి ఉంది. దాని కింది గొట్టం అతుకు దగ్గర సగానికి పైగా పగిలి ఉంది. ఆ పగులు మీద లప్పం పూసి, రంగు కొట్టి, లక్షా పది వేల రూపాయలకు నాకు అమ్మారు. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఆయన ఫోన్‌లో అన్న మాట మరో ఎత్తు. ఆ మాట దగ్గరకు వస్తాను.

నేపథ్యం త్వరగా చెబుతాను. మా బావమరిదికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల చూపు పూర్తిగా పోయింది. కాళ్లలో మాత్రం నాకంటే ఎక్కువ సత్తువ ఉంది. అతనితో కలిసి దూరం వెళ్లాలంటే టాండెం తప్ప దారి లేదు. పారాలింపిక్స్‌లో చూపు లేని క్రీడాకారుల సైకిల్ పోటీలు జరిగేవి కూడా టాండెం మీదనే. మేము వేసుకున్న దారి ఇది: హన్మకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి చింతూరు, మారేడుమిల్లి ఘాట్, రంపచోడవరం, రాజమహేంద్రవరం, తర్వాత కాకినాడ చేరి ఉప్పాడ దగ్గర సముద్రం పట్టుకుని విశాఖ, భీమునిపట్నం దాకా. అడవి, కొండ, కడలి మూడూ ఒకే ప్రయాణంలో. దానికి సరిపోయే పాత క్రోమోలీ ఉక్కు టాండెం ఒకటి తన దగ్గర ఉందని, పర్వతాల్లో తిరగడానికి, దిగుడులో వేగాన్ని పట్టి ఉంచే డ్రాగ్ బ్రేకు కూడా ఉందని ఆయన చెప్పారు. ఫోటోలు పంపారు. అన్నీ కుడి పక్క నుంచి తీసినవే. ఎడమ పక్కవి అడిగితే, "గోదాములో గోడకు ఆనించి ఉంది సార్, కుడి పక్క ఎట్లుందో ఎడమ పక్క అట్లనే ఉంటది" అన్నారు. ఎంత గొప్ప తర్కమో చూడండి. దాన్ని విని తల ఊపి డబ్బు పంపిన నా తెలివిని కూడా మెచ్చుకోవాలి.

టాండెం తొక్కనివారికి ఎడమ పక్క విలువ తెలియదు గనుక ఒక్క మాట. ముందు కూర్చునేవారిని కెప్టెన్ అని, వెనక కూర్చునేవారిని స్టోకర్ అని అంటారు. మామూలు గొలుసు కుడి పక్కన వెనక చక్రానికి వెళుతుంది. ఇద్దరి పెడళ్లనూ కలిపే రెండో గొలుసు, అంటే టైమింగ్ గొలుసు, సాధారణంగా ఎడమ పక్కన ఉంటుంది. కెప్టెన్ తొక్కిన బలమంతా ఆ గొలుసు ద్వారానే వెనక క్రాంకుకు, అంటే వెనక పెడళ్లు బిగించిన కడ్డీలకు, చేరుతుంది. రెండు క్రాంకుల ఇరుసులు తిరిగే గూళ్లను కలుపుతూ కింద ఒక లావు గొట్టం ఉంటుంది. గొలుసు లాగే ప్రతిసారీ ఆ ఒత్తిడిని మోసేది ఆ గొట్టమే. ఫ్రేమ్ పగిలే అవకాశం ఉన్న చోట్లలో అదొకటి. ఫోటోలో చూపకుండా దాచాల్సినది ఏదైనా ఉంటే, ఆ పక్కనే ఉంటుంది.

సైకిల్ లారీలో వచ్చింది. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. ఇంటి చుట్టుపక్కల తొక్కి, రామప్ప దాకా వెళ్లి వద్దామని ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాము. దారి మట్టంగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. ములుగుకు ముందు గట్టమ్మ గుట్ట ఎక్కేటప్పుడు వెనక నుంచి బావమరిది, "బావా, కింద టిక్కు టిక్కుమంటుంది, ఆపు" అన్నాడు. నాకేమీ వినిపించలేదు. మేడారం పోయే వాహనాలన్నీ ఆగి గట్టమ్మ తల్లికి మొక్కే చోటనే మేమూ ఆగాము. పైకి చూస్తే రంగు మీద గీత కూడా లేదు.

అక్కడి నుంచే ఆ వ్యాపారికి ఫోన్ చేశాను. మొదట చాలా మర్యాదగా, "టైమింగ్ గొలుసు బిగించే ఎక్సెంట్రిక్‌కు గ్రీజు ఆరిపోతే అట్లనే అరుస్తది సార్, టాండెంలలో అది మామూలే" అన్నారు. ఈ మాటలో అబద్ధం లేదు. ముందు క్రాంకు ఇరుసును కొంచెం ముందుకీ వెనక్కీ జరిపి గొలుసును బిగించే ఆ గుండ్రటి ముక్క పొడిబారితే నిజంగానే శబ్దం చేస్తుంది, టాండెం తొక్కేవారంతా ఎప్పుడో ఒకప్పుడు దానితో విసిగినవారే. అందుకే ఆయన దాన్ని ఎంచుకున్నారు. అయితే మా బావమరిది ఈ లోపలే ఒక పరీక్ష చేసి ఉన్నాడు. నన్ను కాళ్లు వదులుగా పెట్టమని, తానొక్కడే తొక్కాడు. స్టోకర్ ఒక్కడే తొక్కితే బలం వెనక క్రాంకు నుంచి నేరుగా చక్రానికి పోతుంది, టైమింగ్ గొలుసు మీద లాగుడు దాదాపుగా ఉండదు, ఎక్సెంట్రిక్ అరవాల్సిన పని లేదు. అయినా శబ్దం వచ్చింది. తొక్కడం మానేసి గుంతలో దింపినా వచ్చింది. "ఇది గ్రీజుతో పొయ్యేది కాదు బావా, గొట్టంలనే ఉన్నది" అని అతను తేల్చేశాడు.

నేను అదే మాట ఫోన్‌లో చెప్పాను. ఎవరు విన్నారని అడిగితే, వెనక కూర్చున్న మా బావమరిది విన్నాడని, అతనికి చూపు లేదు గనుక చెవి బాగా పని చేస్తుందని, దాచాల్సిన అవసరం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. స్పీకర్ పెట్టి ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వి, "సార్, కళ్లు కనిపించని మనిషికి చెవుల ఏదో మోగిందని నేను సైకిల్ వాపసు తీసుకోవాల్నా? ముందు ఆయన్ని చెవుల డాక్టర్‌కు చూపించుండ్రి" అన్నారు.

ఈ వాక్యాన్ని నేను మార్చకుండా, మెత్తబరచకుండా రాశాను. తన సరుకు గురించి వచ్చిన ఫిర్యాదుకు జవాబు చెప్పలేని వ్యాపారి, ఫిర్యాదు చేసిన మనిషి వైకల్యాన్ని ముందుకు తెచ్చాడు. మా బావమరిది బ్యాంకులో ఉద్యోగం చేస్తాడు, రోజూ ఇటువంటివి ఎన్ని వింటాడో నాకు తెలియదు. అతను కోపం కూడా తెచ్చుకోలేదు. ఫోన్ పెట్టేశాక, "బావా, ఆయన నవ్వే ముందల జెర ఆగిండు. ఎరికుండే అమ్మిండు" అన్నాడు. నేను ఆ ఆగడాన్ని కూడా గమనించలేదు.

వెనక్కి తొక్కకుండా ట్రాలీ ఆటో మాట్లాడుకుని హన్మకొండ చేరాము. వెల్డింగ్ దుకాణం మేస్త్రి ఏ పరికరమూ తీయకముందే అయస్కాంతం తెచ్చి కింది గొట్టం వెంట జరుపుతూ పోయాడు. ముందు గూడు దగ్గర, ఎడమ వైపు అడుగు భాగంలో, అయస్కాంతం పట్టు వదిలేసి జారిపోయింది. ఉక్కుకు అంటుకోవాలి, లప్పం ఎంత మందంగా ఉంటే అంత అంటుకోదు. రంగు గీకితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. లోపల ఎవరో ఎప్పుడో ఇత్తడి గ్యాస్ వెల్డింగ్ పట్టీ వేశారు, ఆ పట్టీ పక్కనుంచి పగులు మళ్లీ పాకింది. పగులు అంచులు కొంత మేర తుప్పు పట్టి, కొంత మేర మెరుస్తూ ఉన్నాయి. తుప్పు పట్టినది పాతదని, మెరిసేది ఇప్పుడు తెరుచుకున్నదని మేస్త్రి చూపించాడు. అంటే మా చేతికి వచ్చేసరికే అది విరిగిన సైకిల్.

మారేడుమిల్లి ఘాట్ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. టాండెం దిగుడులో మామూలు సైకిల్ కంటే చాలా వేగంగా పోతుంది, ఎందుకంటే బరువు ఇద్దరిది, గాలికి ఎదురయ్యే ముందు భాగం దాదాపు ఒక్కరిదే. మా ఇద్దరి బరువు, సంచులు, సైకిల్ అన్నీ కలిపితే 190 కిలోల దాకా ఉంటుంది. అంత బరువును రిమ్ము బ్రేకులతో ఆపుకుంటూ పొడవైన ఘాట్ దిగితే రిమ్ములు వేడెక్కి ట్యూబు పేలిపోవచ్చు. అందుకే వెనక చక్రానికి అదనంగా డ్రమ్ము రకం డ్రాగ్ బ్రేకు పెట్టి, వేగాన్ని నిలకడగా పట్టి ఉంచుతూ ఆ వేడిని రిమ్ము నుంచి తప్పిస్తారు. ఆ వంపుల్లో కింది గొట్టం విడిపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కరలేదు.

మేస్త్రి మాటతో మిగతావి కూడా విప్పి చూశాము. ఆయన గొప్పగా చెప్పిన డ్రాగ్ బ్రేకు డ్రమ్ము ఉంది, లోపల లైనింగ్ అరిగి ఇనుము తేలింది. తీగ బిగించి ఉంది కాబట్టి లాగితే లీవరు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. వెనక చక్రం పట్టే చోట ఫ్రేమ్ వెడల్పు 145 మిల్లీమీటర్లు, పెట్టిన హబ్ (చక్రం నడిమి భాగం) మాత్రం మామూలు మౌంటెన్ సైకిళ్ల 135 మిల్లీమీటర్లది. మిగిలిన సందును వాషర్లతో నింపారు. టాండెం చక్రానికి 40, 48 స్పోకులు వేసేవారు ఉన్నారు, దీనికి 32 ఉన్నాయి. ఆయన ప్రకటనలో 40 అని రాసి ఉంది. స్పోకులు లెక్కపెట్టడానికి కూడా చూపు అక్కరలేదు, వేలు చాలు. అది కూడా మా బావమరిదే లెక్కపెట్టాడు.

పగులు ఫోటోలు పంపిన తర్వాత ఆయన మర్యాద పూర్తిగా పోయింది. మొదట, "మీ వెల్డింగాయనే పగలగొట్టిండు" అన్నారు. తుప్పు సంగతి అడిగితే, బిల్లు మీద "ఎలా ఉన్నది అలా" అని ఉందని, చదువుకున్నవారు చదవాలి కదా అని అన్నారు. ఆ తర్వాత టెలిగ్రామ్‌లో తాను పంపిన సందేశాలన్నీ వరుసగా తొలగించడం మొదలుపెట్టారు. "ఫ్రేమ్ నేనే చెక్ చేసిన సార్, ఎక్కడా అతుకు లేదు, వెల్డింగ్ లేదు, కళ్లు మూసుకుని ఘాట్‌లు దిగొచ్చు" అని కొనకముందు నాకు పంపిన గొంతు సందేశం నా ఫోన్‌లోంచి నా ఎదుటనే మాయమైంది. పాపం, ఆయనకు ఒక సంగతి తెలియదు. బేరం సంగతులన్నీ మా బావమరిదికి కూడా తెలియాలని నేను ఆ సందేశాలను వచ్చినవి వచ్చినట్టు అతనికి పంపేవాడిని. అలా పంపిన నకళ్లను ఆయన తొలగించలేరు. అన్నీ ఉన్నాయి, కళ్లు మూసుకుని దిగొచ్చన్న మాటతో సహా.

బిల్లు మీద ఆ ఒక్క వాక్యం రాస్తే సరిపోతుందని అనుకునేవారి కోసం: వ్యాపారంగా అమ్మేవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. కొన్నవారు తాము ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండు సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయవచ్చు, హైదరాబాద్ చుట్టూ తిరగనక్కరలేదు. కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, లాయర్ నోటీసు కూడా వెళ్లింది. లప్పం పెళ్లలను, పగులు ఫోటోలను, మేస్త్రి రాసిచ్చిన కాగితాన్ని భద్రపరిచాను. ఫ్రేమ్‌ను మళ్లీ అతికించవద్దని మేస్త్రికి చెప్పాను, అది సాక్ష్యం.

పాత టాండెం కొనేవారు ఇంతమాత్రం చేయండి: ఉక్కు ఫ్రేమ్ అయితే అయస్కాంతం పట్టుకుని వెళ్లండి, కింది గొట్టం రెండు చివరలా అడుగు భాగం తడిమి చూడండి, వెనక హబ్ వెడల్పు టేపుతో కొలవండి, డ్రమ్ము విప్పించండి. ఒక్క భాగానికే కొత్త రంగు ఉంటే ఎందుకో అడగండి. ఎడమ పక్క ఫోటో ఇవ్వనివారితో బేరం అక్కడితో ఆపేయండి.

ఇది రాయడానికి తొందర ఎందుకంటే, అదే మనిషి నిన్న మరో టాండెం అమ్మకానికి పెట్టారు. నీలం రంగు, ధర లక్షా ఇరవై ఐదు వేలు, "కొండలకు, తీరాలకు సిద్ధం, ఫ్రేమ్ గ్యారంటీ నాది". కుడి పక్క నుంచి తీసిన ఫోటోలు చాలా ఉన్నాయి, ఎడమ పక్కది ఒక్కటీ లేదు. జగిత్యాల నుంచి ఎవరో దంపతులు అడ్వాన్సు ఇచ్చారని విన్నాను. వారిని ఎరిగినవారు ఉంటే మిగతా డబ్బు ఇంకా పంపవద్దని చెప్పండి. వారు హన్మకొండ వస్తే ఫ్రేమ్ చూపిస్తాను, ఆ గొంతు సందేశం కూడా వినిపిస్తాను.